కండ్లు మూసుకున్న ఫొటో

"ఆ గొయ్యి నోరు తెరుచుకొని ఉన్నన్ని దినాలు ఈ ఇంట్ల పొయ్యి ముట్టియ్య. ముట్టియ్యనంటే ముట్టియ్య!"

సారమ్మ అగ్గిపెట్టెను కొంగున ముడేసి గడపకు అడ్డంగా కూర్చుంది. ఆమె గొంతు సంగతి ధరూరు పక్కన తెలియనివాళ్లు లేరు. ఇంట్లో ఆమె దగ్గితే జూరాల దగ్గర చేపలవాళ్లు ఉలిక్కిపడి వల ఎత్తి చూసుకుంటారని చెప్పుకుంటారు. కాని ఈ పొద్దు ఆ గొంతులో ఎక్కడో పగులు వినిపించింది.

"అత్తా, పిల్ల ఆకలితోని ఉన్నది. జర అగ్గిపెట్టె ఇయ్యి," అంది కోడలు సరిత.

"ఆకలైతున్నది గద? కానీ. ఆకలైతే బతికున్నట్టు. ఇగ నా మనుమరాలికి ఆకలే కాదని నేను ఈడ రొమ్ము గుద్దుకున్ననాడు నువ్వు బస్సుల ఉంటివి."

ఆ బస్సులో తాను ఏమనుకుందో సరితకు తెలుసు. అది ఎవరికీ చెప్పేది కాదు.

పొయ్యి పక్కన నిరోష మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. ముందర సోషల్ పుస్తకం తెరిచి ఉంది. పొద్దటి నుంచి అదే పేజీ.

జరిగింది ఊరందరికీ తెలుసు. సరితతో కలిసి పుణెలో గోడలు కట్టే పనిలో ఉన్న సారమ్మ కొడుకు యోసేపుకు ఫోన్లో ఒక బొమ్మ వచ్చింది. తెల్లగుడ్డ మీద వెల్లకిలా కూతురు నిరోష. కండ్లు మూసి ఉన్నాయి. చేతులు రొమ్ము మీద కలిపి ఉన్నాయి. జుట్టులో, మెడ దగ్గర, చుట్టూరా బంతిపూల రెక్కలు. కింద ఒక్క మాట లేదు.

ఇక్కడి నుంచి పనికి పోయినవాళ్లకు అలాంటి బొమ్మ కింద మాట అక్కర్లేదు. ఊళ్లో ఎవరు పోయినా, మట్టికి అందుకోలేనివాళ్లకు ఆఖరు చూపు ఫోన్లోనే పంపుతారు. ఒకరికి తల్లి అట్లే వచ్చింది, ఒకరికి అన్న అట్లే వచ్చాడు. యోసేపు బిడ్డ ఉండే వనపర్తి హాస్టలు వార్డెన్‌కు ఫోన్ చేశాడు. ఆదివారం పూట ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు పాల్‌కు ఆ బొమ్మ పంపి, ఫోన్ చేసి, ఏడ్చి, "నేనొచ్చేదాంక ఉంచున్రి" అని మాత్రం అనగలిగాడు.

తీరా అది వనపర్తి బడివాళ్ల పదో తరగతి ఫొటో. వరసలు కట్టి నిలబెట్టడం పాతబడిపోయిందట. పిల్లలందరినీ పువ్వు రేకుల్లా గుండ్రంగా పడుకోబెట్టి, కలలు కంటున్నట్టు కండ్లు మూయించి, పైనుంచి డ్రోన్‌తో తీశారు. ఎవరి తల మీద వాళ్ల కల తర్వాత కంప్యూటర్లో గీస్తారు. గీయకముందే ఫొటో ఆయన ముచ్చటపడి, ఎవరి పిల్ల ముక్క వాళ్లకు కత్తిరించి, ఇండ్లకు పంపించాడు.

సంగతి పెబ్బేరు సంతకు చేరేసరికి నిరోష రెండుసార్లు చచ్చి ఒకసారి లేచింది.

నవ్వినవాళ్లు నవ్వారు. యోసేపు మాత్రం ఇంటికొచ్చి, గడపలో నిలబడ్డ బిడ్డ కాళ్లు పట్టుకొని నేల మీద పడిపోయాడు. అప్పటి నుంచి ఆమె మొహం చూడలేదు. మాట్లాడినా పాదాలు చూసి మాట్లాడుతున్నాడు. ఆ పాదాలు నేల మీద ఆనుతున్నాయా లేదా అని లెక్క చూసుకుంటున్నట్టు.

*

సమాధుల జాగ ఊరికి పడమర, పత్తి చేల అంచున ఉంది. సరిత పోయేసరికి యోసేపు గొయ్యి గట్టున కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నాడు. వెనక సారమ్మ రానే వచ్చింది. పాస్టరు శాంతయ్య, పాల్ అప్పటికే అక్కడున్నారు.

ఆ గొయ్యి పాల్ తవ్వాడు. మొరం నేల, తవ్వడానికి పొద్దుపడుతుందని, బొమ్మ చూసినవాడు చూసినట్టే చెన్నయ్యను తోడు తీసుకొని గడ్డపార పట్టాడు. దుఃఖంలో ఉన్న మనిషికి లోతు తెలియదు. "ఇంకో జానెడు పోతే నీళ్లు పడుతుండె, మోటరు బిగిస్తుంటిమి" అని చెన్నయ్య ఇప్పుడు కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నాడు. పిల్లను తెచ్చే హాస్టలోళ్ల వ్యాను ఎంతకీ రాకపోతే పాల్ బండి వేసుకొని వనపర్తి పోయాడు. పిల్ల కూర్చొని ఉప్మా తింటోంది. పాల్ ఆ ప్లేటు గుంజుకొని, ఆ ఉప్మా తానే తినేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

"యోసేపూ, మట్టే గద. నలుగురం చెయ్యేస్తే ఘడియల పని," అన్నాడు శాంతయ్య.

"ఉత్తగ పూడిస్తే ఊకుంటదా అది?" సారమ్మ అందుకుంది. "మనిషి పేరు చెప్పి తవ్వినంక దాని కడుపుల ఏదన్న పడాలె. ఒక కోడినన్న ఎయ్యిన్రి."

"సారమ్మా, కోడిని పూడ్చుమని వాక్యంల యాడున్నది?"

"ఉత్త గొయ్యి ఉంచుమని వాక్యంల యాడున్నది అయ్యగారూ? చూపియ్యి!"

బైబిలు వాక్యంలో ప్రభువు లేచిపోయిన ఉత్త సమాధి ఉన్న సంగతి శాంతయ్యకు తెలుసు. అది ఇప్పుడు ఎత్తితే సారమ్మ దాన్ని ఎక్కడికి తీసుకుపోతుందో కూడా తెలుసు. ఆయన మెడలోని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"అన్నా, తప్పు నాది. నేనే పూడుస్త. నువ్వు లేవు," పాల్ పార అందుకున్నాడు.

"ముట్టకు."

యోసేపు గట్టిగా కూడా అనలేదు. పాల్ చేతిలో పార అక్కడే ఆగింది.

"నా బిడ్డను తెల్లగుడ్డ మీద పండవెట్టినోల్లే రావాలె. పూలు చల్లిన చేతులతోనే మన్ను ఎయ్యాలె. అప్పటిదాంక ఇది గిట్లనే ఉంటది. నా బిడ్డ ఆ బడి గేటు తొక్కది."

"పరీక్షలు ముంగటికొచ్చినయి," అంది సరిత.

"రానీ."

"ఏం రానీ? మార్కులు చూసి ఫీజు లేకుండ పెట్టుకున్నరు దాన్ని. ఇప్పుడు తీసుకొస్తే మల్ల రానిస్తరా? పదికాడ ఆపి ఏం జేస్తవ్?"

"మనతోని పుణెకు వస్తది. నా కండ్ల ముందర ఉంటది."

"కండ్ల ముందర ఉంటే చూస్తవా? వచ్చినకాడికెళ్లి దాని మొకం చూసినవా నువ్వు?"

పాల్ పారను నేలకు ఆనించాడు.

యోసేపు ఒక మట్టిపెళ్ల తీసి చిదిమాడు. పొడి వేళ్ల సందుల్లోంచి గోతిలోకి రాలింది.

"చూస్తే ఆ ఫొటో కనబడ్తుంది సరితా," అన్నాడు. "మొకం మీద మొకం పెట్టినట్లు. ఏం చెయ్యాలె?"

బస్సులో ఫోన్ చార్జి అయిపోయేదాకా సరిత కూడా ఆ బొమ్మనే చూసింది. చూస్తూ, 'ఎవ్వరు దువ్విన్రో తల, పాపిడి ఎంత చక్కగ తీసిన్రు' అనుకుంది. సచ్చిన బిడ్డను చూసి తల్లి అనుకునే మాటేనా అది? ఆ మాట ఆమె లోపల ముల్లులా విరిగి ఉండిపోయింది.

ఆ సాయంత్రమే బడి నుంచి ఫోన్ వచ్చింది. ఫొటో మీద కొందరు తల్లిదండ్రులు గొడవ పడుతున్నారట. అందరినీ పిలిచి మాట్లాడతారట. మర్నాడే.

"పోదాం," అన్నాడు యోసేపు. "నలుగురి ముంగట అడుగుత. వస్తమంటే సరి. రామంటే హాస్టల్ల ఉన్న దాని పెట్టె తెచ్చుకుందాం."

నిరోష అప్పుడు పుస్తకంలోంచి తలెత్తింది. "నాయినా, పెట్టె తేవద్దు," అంది. అంతే. ఇంకో మాట లేదు.

*

గద్వాలలో ఎక్కిన బస్సు పెబ్బేరులో ఆగింది. ఎడ్ల బేరానికి వచ్చిపోయే మనుషులతో కిక్కిరిసింది. ఒక ముసలామె నిరోషను ఎగాదిగా చూసి, పక్కామెను మోచేత్తో పొడిచి, తర్వాత నేరుగా తన మోకాలు ముందుకు చాపింది.

"లేచిన పిల్లవు నువ్వే గద బిడ్డా. జర చెయ్యి పెట్టు. పోయిన వానకాలం పట్టుకున్న నొప్పి."

సరిత కసురుకోబోయింది. నిరోష మాత్రం చెయ్యి చాపి ఆ మోకాలి మీద పెట్టింది. మోకాలికి ఏం తెలిసిందో గాని, ముసలామె మొహం మారింది.

"ఏందే గింత సల్లగున్నది నీ చెయ్యి!"

బస్సులో వాళ్లు నవ్వారు. సరిత కూతురి చెయ్యి తన కొంగులోకి తీసుకుంది. చల్లగానే ఉంది. మాఘం గాలి, కిటికీ పక్క సీటు అనుకుంది.

బడి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. పిల్లలు పువ్వై పడుకున్న ఫొటో, రోడ్డంత పొడుగున. యోసేపు దాని కింది నుంచి తల వంచుకొని, ఎండలోంచి నీడలోకి పరుగెత్తినవాడిలా లోపలికి పోయాడు.

లోపల గదిలో అప్పటికే రగడ మొదలైంది. కరస్పాండెంటు సారు బల్ల వెనక నవ్వు మొహంతో ఉన్నాడు. ఫొటోలు తీసే వెంకట్రాములు మూలకు నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. గోడకు పెద్ద ఫొటో ఆనించి పెట్టారు, కలలన్నీ గీసేసింది.

"సార్, మాకు ఒకటే డౌటు," అంటున్నాడు కిష్టయ్య. చెలక నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచె అంచుకు వేరుశనగ మట్టి. "మా కాలంల ఫొటో అంటే కుర్చీలల్ల సార్లు, ఎనకకు మేము, చేతులు కట్టుకొని. ఫొటో అయ్యేదాంక ఊపిరి తీసుకోలే. ఒగడు గట్లనే బిగవట్టి మూడొద్దులు ఊపిరి తీయక బతికిండు, తెల్సా! గది ఫొటో. దీంట్ల మా శ్రవణ్ కుమార్ పొడుగున్నడా పొట్టిగున్నడా? పండుకున్నంక అందరొకటే."

గదంతా నవ్వింది.

"అది ఇన్‌ఫార్మల్ ఫొటో కిష్టయ్య గారూ. పిల్లలు ఫ్రీగా ఉండాలి. బిగుసుకుపోకూడదు," అన్నాడు కరస్పాండెంటు.

"ఇంట్ల ఫ్రీగనే ఉంటడు, మంచం దిగడు. బడిల గూడ పండుకునుడేనా? మల్ల వాని తల మీద ఇమానం గీసిన్రు. వానికి బస్సెక్కితేనే కక్కులొస్తయి!"

"నీకు వద్దంటే నాకియ్యి నీ ఫొటో," బాలనాగమ్మ లేచింది. ఆమె కూతురు వర్ష అదే తరగతి. "నాకు మస్తు నచ్చింది సార్. ఎప్పుడు తీసినా మా పిల్ల మొకం జరమొచ్చినట్లే ఉంటది. దీంట్ల నవ్వుతుంది. ఇంకోటి గూడ చెప్త. నిలవెడితే ఏం జేస్తుండ్రి మీరు? తెల్లగున్నోల్లను నడిమిట్ల, మా అసోంటి పిల్లలను చివరకు. గుండ్రంగ పండుకున్నంక ముంగటేది, ఎనకేది? అందరు నడిమిట్లనే."

కొందరు తలలూపారు. సరిత కూడా ఊపింది. ఆ మాట ఆమెకు ఇంతవరకు తోచలేదు.

"ఆడపిల్లలు మగపిల్లలు ఒకతాన పండుకునుడేంది?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"పగటిపూట, గ్రౌండ్ల, నలుగురు సార్ల ముంగట అన్నా! నీ మనసుల ఏమున్నదో గది చెప్పు ముందుగాల," అంది బాలనాగమ్మ. ఆయన మళ్లీ నోరెత్తలేదు.

అప్పుడు యోసేపు లేచాడు.

ఎవరో "ఆయనే, గొయ్యి తవ్వించినాయన" అని గుసగుసలాడారు. నవ్వు ఒకటి పుట్టి, పూర్తిగా పెరగకుండానే చచ్చింది.

"సార్, నేను ఐదో తరగతి దాంక చదివిన," అన్నాడు యోసేపు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందరి కుర్చీ పట్టుకున్నాడు. "మా ఊరి బడిల ఫొటో తీసిన్రు. నన్ను చివరకు నిలవెట్టిన్రు. ఫొటోల నా చెవి, గీ భుజం వచ్చినయి. కడమది రాలే. ఇప్పటికి గూడ మా ఊర్ల ఆ ఫొటో చూపిచ్చి, యోసేపు చెవి యాడున్నదో చూడున్రి అని నగుతరు."

ఎవరూ నవ్వలేదు.

"నా బిడ్డన్న నిండుగ రావాలె అనుకున్న. నడిమిట్ల, నిలవడి. కాల్లు నేలకాని. కండ్లు తెరిచి. మీరు పండవెట్టిన్రు. మీకు కల. మా దిక్కు గట్ల పండవెట్టి పూలు ఎప్పుడు చల్లుతరో మీకు తెల్వదా సార్? తెల్వదు. మీకు తెల్వదు. గందుకే చెప్తున్న. మా ఊర్ల గొయ్యి ఉన్నది, నా బిడ్డ పేరు మీద. వచ్చి ఇంత మన్ను ఎయ్యిన్రి. ఏస్తెనే నా బిడ్డ ఈడ ఉంటది. లేకుంటే ఇగ ఇప్పుడే తీస్కపోత."

కరస్పాండెంటు లోకం తెలిసిన మనిషి. నిరోష మార్కులు ఆయనకు కావాలి. ఆ ఫ్లెక్సీ పక్కనే ఇంకో ఫ్లెక్సీ కట్టుకోవాలని ఇప్పటికే అనుకున్నాడు. ఆయన లేచి వచ్చి యోసేపు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వస్తాను యోసేపు గారూ. నేనూ వస్తాను, వెంకట్రాములూ వస్తాడు. మా పొరపాటే. ఇంకో పని చేద్దాం. ఇప్పుడే, మీరున్నప్పుడే, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఫొటో తీయిస్తాను. మీ నిరోష నట్టనడుమ. సరేనా?"

అందరూ చప్పట్లు కొట్టారు. "గిది మాట!" అని కిష్టయ్య తొడ చరిచాడు. అంత తేలికగా తెగుతుందని అనుకోలేదేమో, యోసేపు నోరు తెరుచుకొని నిలబడ్డాడు. తర్వాత ఎవరో టీ గ్లాసు చేతికిస్తే వేడి చూడకుండా గుక్కలో తాగేశాడు.

*

పిల్లలను పిలవడానికి మనిషి పోయాడు. తల్లిదండ్రులు గ్రౌండు వైపు కదిలారు. సరిత ఒక్కతే గోడకు ఆనించిన ఫొటో ముందు ఆగింది.

ఇంతవరకు ఆమె నిదానంగా చూసింది కూతురి ముక్క మాత్రమే. మొత్తం ఇప్పుడే చూస్తోంది. రంగురంగుల కలలు. తెల్లకోటు, రైలింజను, టీవీలో వార్తలు చదివే కుర్చీ. వాటి కింద మూసిన కండ్లు. మూసుకున్నారేగాని, ఏ ఒక్కడూ నిద్రపోవడం లేదు. ఒకడి రెప్పలు బిగుసుకొని ముడతలు పడ్డాయి. వర్ష పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంటోంది. శ్రవణ్ కుమార్ పక్కవాణ్ణి కాలితో తన్నుతున్నాడు.

నిరోష అట్లా లేదు. నిరోష మొహంలో ఏ బిగువూ లేదు. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. యోసేపు ఊరికే భయపడలేదు. ఎవరు చూసినా భయపడతారు.

"బాగొచ్చిందమ్మా మీ పాప," అన్నాడు వెంకట్రాములు, కెమెరా పట్టుకొని బయలుదేరుతూ. "అందరికంటే ఆమెదే మంచిగొచ్చింది. ఎంత చెప్పినా పిల్లలు కదులుతరు. ఆమె ఒక్కతి కదలలే. పక్కన పిల్లనే సతాయించింది నన్ను."

"ఏం జేసింది?"

"సౌందర్య అని, గీ పిల్ల." నిరోష పక్కన పడుకున్న బక్కపల్చటి పిల్లను చూపించాడు. "కండ్లు మూయమంటే మూయదు. ఏ ఫొటోల చూసినా కండ్లు పెద్దగ తెరిచి మీ పాప దిక్కే చూస్తది. పండుకున్నదే గాని లేవనీకె పోతది. ఆఖరుకు నేనే కంప్యూటర్ల దాని కండ్లు మూసిన. కనబడ్తలేదు గద?"

కనబడలేదు. పని చక్కగానే చేశాడు.

సరిత ఫొటో ముందు నుంచి వరండాలోకి వచ్చింది. ఆడపిల్లలు నల్లా దగ్గర మొహాలు కడుక్కొని జడలు సర్దుకుంటున్నారు. ఫొటోలోని ఆ బక్కపిల్లను ఆమె వెంటనే గుర్తుపట్టింది. మెల్లగా స్తంభం చాటుకు తీసుకుపోయింది.

"సౌందర్యా, నేను నిరోష అమ్మను. ఆ పొద్దు నువ్వు కండ్లెందుకు తెరిచినవ్ బిడ్డా?"

పిల్ల అటూ ఇటూ చూసింది.

"ఆంటీ, నేను చెప్పినట్లు చెప్పొద్దు."

"చెప్ప."

"అది నా చెయ్యి పట్టుకొని పండుకున్నది. కొంచెంసేపటికి పట్టు వదిలింది. నేను గిచ్చిన. పలకలే. సార్, సార్ అంటే, యాక్టింగ్ మంచిగ చేస్తుంది, నువ్వు కండ్లు మూయమన్నరు. అందరు లేచి గుడ్డ దులుపుతున్నా అది లేవలే ఆంటీ. నీళ్లు కొట్టిన్రు. వార్డెన్ మేడమూ ఆయమ్మా మోసుకపోయిన్రు."

సరిత ఆ పిల్ల భుజం పట్టుకుంది.

"దవాఖానకు?"

"లే. రూముకు. గ్లూకోజు తాపిచ్చిన్రు. పరీక్షల ముంగట అందరికి గట్లనే అయితదన్నరు. రాత్రి ఒంటిగంట దాంక చదివిపిస్తరు, కోడి కూయకముందే మల్ల లేపుతరు. అందరం క్లాసుల కునుకుతం. నిరోష కునకది. ఫస్టు రావాలె గద." పిల్ల కండ్లు తుడుచుకుంది. "గిది మొదటిసారి గాదు ఆంటీ. బాత్రూంల గూడ పడ్డది. ఇంట్ల తెలిస్తే తీస్కపోతరని నాతోని ఒట్టు పెట్టిపిచ్చుకున్నది."

"సౌందర్యా!"

వెనక నిరోష నిలబడి ఉంది. మొహం కడుక్కున్న నీళ్లు గడ్డం మీది నుంచి కారుతున్నాయి. సౌందర్య సరిత చాటుకు తప్పుకుంది.

"నాకేం కాలే," అంది నిరోష. "నిద్రవట్టింది. అంతే."

"దవాఖానకు పోదాం పా."

"పరీక్షలైనంక పోదాం. అమ్మా, నాయినకు చెప్పకు. ఇప్పుడే నగిండు. నా మొకం చూసిండు అమ్మా, ఆ గది బయట. చూసి, కండ్లు తెరుస్తే ఎంత బాగున్నవ్ బిడ్డా అన్నడు." నిరోష గడ్డం మీది నీళ్లు తుడుచుకుంది. "ఇది తెలిస్తే ఇంకొక్క గంట ఉంచడు నన్ను. నీకు తెల్వదా? పుణెల ఇటుకలు మోసి నువ్వు రాత్రి నడుము పట్టుకొని మూలుగుతుంటే నేనే గద చూసింది. నేను మొయ్య. నాతోని కాదు."

సరిత చెయ్యి కూతురి చెంప దాకా పోయింది. చల్లగా ఉంది. నల్లా నీళ్లే కావచ్చు.

"అందరు రావాలె! లైను, లైను!" వెంకట్రాములు కేక వేశాడు. నిరోష తల్లి చేతిని విడిపించుకొని పోయింది. సౌందర్య దాని వెనకాలే పరుగెత్తింది.

*

ఎండ నడినెత్తికి వచ్చింది. కుర్చీలు వేశారు, సార్లు కూర్చున్నారు. వెనక బెంచీల మీద పిల్లలు. రెండో వరసలో నట్టనడుమ నిరోష. కిష్టయ్య మైదానం అంచున నిలబడి, "శ్రవణూ, నడుం సాపి నిలవడు! ఊపిరి బిగవట్టు!" అని కేకలేస్తున్నాడు. బాలనాగమ్మ మొహం ముడుచుకొని, "అయిపాయె. మల్ల ముంగట, ఎనక వచ్చినయి," అని గొణుగుతోంది.

యోసేపు జనాన్ని తోసుకొని ముందుకొచ్చాడు. పుణె నుంచి వచ్చిన తర్వాత అతని నడుము నిటారుగా నిలవడం సరిత చూడలేదు. ఇప్పుడు నిలిచింది. కూతురి మొహం వైపే, రెప్పవేయకుండా చూస్తున్నాడు.

"సరితా, ఇటు రా! చూసినవా ఎంత నిండుగ నిలవడ్డదో నా బిడ్డ!"

సరిత రాలేదు. ఆమె పక్కగా, బెంచీల చివర నిలబడి ఉంది. అక్కడి నుంచి ముందు వరస కాదు, వీపులు కనిపిస్తున్నాయి. నిరోష వెనక వరసలో సౌందర్య ఉంది. ఒక చేత్తో నిరోష డ్రెస్సును నడుము దగ్గర పిడికిలి బిగించి పట్టుకుంది. ఇంకో అరచెయ్యి వీపుకు ఆనించి ముందుకు నెడుతోంది. పడకుండా ఆపుతోంది.

చెబితే ఈ పూటే పెట్టె సర్దుతాడు. బిడ్డ పదో తరగతి అక్కడితో సరి. చెప్పకపోతే ఈ బడివాళ్ల చేతుల్లోనే, ఆ పిల్ల పిడికిలి మీదనే వదిలి బస్సెక్కాలి.

"ఏమే, పలుకవు? ఎట్లున్నది నీ బిడ్డ?" యోసేపు నవ్వుతూ అటు నుంచే అరిచాడు.

సరిత పెదవులు విడివడ్డాయి.

వెంకట్రాములు కెమెరాకు కన్ను ఆనించి, చెయ్యి పైకెత్తాడు.

"ష్! ఎవ్వరు మాట్లాడొద్దు. ఎవ్వరు కదలొద్దు."